బొమ్మ నచ్చకపోతే సున్నం కొట్టాలా?

మైపాడు దగ్గర మా వాడలో కమ్యూనిటీ హాలు ఉంది. దాని పడమటి గోడ మీద సంక్రాంతి సెలవుల్లో ఒక బొమ్మ వేశారు. అప్పటినించీ వాడ రెండుగా చీలింది. రెండు కూడా కాదు, సరిగ్గా లెక్కేస్తే నాలుగైదు ముక్కలయింది. ఏప్రిల్ 14 లోపల ఆ బొమ్మ మీద సున్నం కొట్టేయాలని కొందరు. కొడితే ఊరుకోమని కొందరు. సున్నం బస్తా కూడా తెచ్చి హాల్లో పెట్టారు. బస్తా లోపల, బొమ్మ బయట, మధ్యలో మేం. పంతులుద్యోగం చేస్తున్నాం కాబట్టి, మా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మేమే కాబట్టి, "నువ్వు చెప్పు సారూ, ఇది మంచి బొమ్మా కాదా?" అని రెండు పక్షాలూ మమ్మల్ని పట్టుకున్నాయి. ఆ రోజు నీళ్లు నమిలాం. ఇప్పుడు చెపుతున్నాం.

బొమ్మ వేసినవాడు మా వాడ కుర్రాడే. వాళ్లమ్మ రొయ్యల గుంటల కాడ కూలికి పోతుంది. వాడు పదో తరగతి దాకా మా దగ్గరే చదివాడు. లెక్కల నోటుబుక్కులో వెనక పేజీలన్నీ బొమ్మలే. మేమే రెండు మూడుసార్లు చెవి మెలిపెట్టాం, దాచడమెందుకు. తర్వాత ఎట్టాగో బొమ్మల కాలేజీలో సీటు తెచ్చుకుని నాలుగేళ్లు చదివి వచ్చాడు. యువజన సంఘం వాళ్లు "అబ్బయ్యా, ఈసారి జయంతికి హాలు గోడ మీద బాబాసాహెబ్‌ని వెయ్యి" అన్నారు. రంగులకి చందా కూడా వేశారు. వాళ్ల మనసులో ఉన్న బొమ్మ మీకూ తెలిసిందే. నీలం కోటు, ఎర్ర టై, చంకలో పుస్తకం, ముందుకి చాచిన వేలు. కుర్రాడు గోడకి అడ్డంగా పట్ట కట్టుకుని మూడు రోజులు లోపల పని చేశాడు. నాలుగోరోజు పట్ట దించాడు.

కోటు లేదు. టై లేదు. వేలు లేదు. గోడంతా తారు నలుపు, మట్టి ఎరుపు. పెద్ద మనిషి ఒకడు నడుం వంచి ఉన్నాడు. వీపు గోడ పై అంచుని తాకుతోంది. మొహం కనపడదు. చేతులు మటుకు ఒంటికంటే పెద్దవి, దోసిలి పట్టి ఉన్నాయి. దోసిట్లో నీళ్లు. ఆ నీళ్లలో రెండు గుండ్రటి గీతలు. కళ్లజోడు. అంతే. గోడ మొత్తం మీద నీలం రంగు ఉన్నది ఆ నీళ్లలోనే.

మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాకు పెదనాయన వరసాయన, వాడలో అందరికంటే పెద్ద, కర్ర పొడుచుకుంటా గోడ దగ్గరికి పోయి చూశాడు. "ఏందిరా ఇది? ఆయన్ని వంచినావే!" అన్నాడు. "మా తాత వంగినాడు, మా నాయన వంగినాడు, నేను వంగినా. వంగకుండా నిలబడ్డోడు ఆయనొక్కడే అనుకుంటే, నువ్వు ఆయన్ని కూడా వంచేస్తివి గదరా."

మిత్రులారా, ఈ మాటని తీసిపారేయొద్దు. ఇది బొమ్మలు తెలియని ముసలాయన మాట కాదు. బొమ్మని సరిగ్గా చదివిన మనిషి మాట. ఆ గోడ మీద మొట్టమొదట కంటికి తగిలేది వంగిన వీపే. ఆ వీపు ఆయనకి తన వీపులాగే కనిపించింది.

కుర్రాడు కూడా ఊరుకోలేదు. "తాతా, ఆయన మనిషికి వంగలా. నీళ్లకి వంగినాడు" అన్నాడు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువులో దిగి అంబేద్కర్ దోసిలితో నీళ్లు తాగాడు. గొడ్డూ గోదా తాగే నీళ్లని మనిషి తాగడానికి ఒక పోరాటం చేయాల్సి వచ్చిన రోజు అది. వాడు వేసింది ఆ దోసిలి. కోటు తొడిగిన అంబేద్కర్ని దేశమంతా చూసింది, నీళ్లు తాగే అంబేద్కర్ని ఎవరన్నా చూశారా అని వాడి ప్రశ్న. రొయ్యల గుంటలొచ్చాక బావులు ఉప్పయిపోయి, క్యాను నీళ్లు కొనుక్కుంటున్న వాడలో ఆ ప్రశ్నకి అర్థం లేకపోలేదు.

అక్కడే నిలబడిన మా అమ్మ ఒక మాటంది. "నీళ్లు ముంచుకునేటప్పుడు ఎవరైనా వంగేగదా ముంచుకునేది? నిటారుగా నిలబడి ముంచుకుంటారా?" అందరూ నవ్వారు. కానీ పెదనాయన నవ్వలేదు.

తర్వాత మాటలు ముదిరాయి. సంఘం కుర్రాళ్లలో కొందరికి కోపమొచ్చింది. వాళ్ల బాధ వేరు. "అన్నా, రేపు వూళ్లోవాళ్లు ఇటువైపు పోతా చూసి నవ్వరా? మీ అంబేద్కర్‌కి మొహం కూడా లేదంట అనరా?" అన్నారు. కార్యకర్త ఒకాయన మైపాడు సభకి వచ్చినవాడు ఇంకో మాట చెప్పాడు. చూడగానే అర్థం కాని బొమ్మ ఉద్యమానికి పనికిరాదు, అది డబ్బున్నవాళ్ల డ్రాయింగు రూముల్లో పెట్టుకునే సరుకు అని. కుర్రాడు రోషంతో "మీకు మోడరన్ ఆర్టు తెలీదు" అనేశాడు. ఆ ఒక్క మాటతో వాడి పక్షాన నిలబడినవాళ్లు కూడా సగం మంది అవతలికి పోయారు. పోరా మరి?

"మీకు తెలీదు" అనే మాట మనకి కొత్త కాదు. అలంకార శాస్త్రంలో సహృదయుడు అని ఒక మాట ఉంది. కావ్యాలు చదివి చదివి మనసు అద్దంలాగా తేటపడినవాడే సహృదయుడు, వాడికే రసం అందుతుంది అని రాశారు. బాగానే ఉంది. చదవడానికి ఎవర్ని రానిచ్చారు? చదువు దగ్గరికి రాకుండా తలుపేసి, తర్వాత వీళ్లకి అభిరుచి లేదని రాసుకున్నారు. 1995లో 'చిక్కనవుతున్న పాట' అని దళిత కవుల కవిత్వం పుస్తకంగా వచ్చినప్పుడు ఇది అసలు కవిత్వమేనా అని అడిగినవాళ్లు ఉన్నారు. అట్టాంటి మాటని మన పిల్లోడు మన పెదనాయన మీద వాడితే మాకు కడుపులో కలుక్కుమంది.

అసలు వాడలో అభిరుచి లేనిదెప్పుడు? డప్పు సంగతి చూడండి. మంట మీద కాచిన డప్పు ఒక దెబ్బ కొట్టగానే, ఇంకా కాగాలా, చాలా, తోలు ఎట్టాంటిది, కొట్టేవాడి చెయ్యి ఎవరి చెయ్యి అని చీకట్లో కూచుని చెప్పేవాళ్లు మా వాడలో ఇప్పటికీ ఉన్నారు. ఒకరికి చావు దెబ్బ నచ్చుతుంది, ఒకరికి జాతర దెబ్బ నచ్చుతుంది. ఫలానావాడు బాగా కొడతాడు గానీ తొందరెక్కువ అంటారు. ఇది విమర్శ కాక ఏంది? చెప్పు కుట్టే పెద్దలు కుట్టు చూసి ఇది ఎవరి కుట్టో చెప్పేవాళ్లు. మా పక్కన మత్స్యకారుల పాలెంలో పడవలకి రంగులు వేయించుకునేటప్పుడు చూడండి. ఒకడు పసుపు మీద ఎరుపు గీత అంటాడు, ఒకడు ఆకుపచ్చ తప్ప ఒప్పుకోడు, అన్నదమ్ములే పోట్లాడుకుంటారు. సముద్రం మీద ఆ రంగు ఎంత దూరం కనిపిస్తుందో వాళ్లకి తెలుసు. వీటన్నిటికీ శాస్త్రం రాసినవాడు లేడు కాబట్టి ఇది అభిరుచి కాదన్నారు.

కానీ మిత్రులారా, మన అభిరుచి అంతా మనదే అని గర్వపడటానికి కూడా లేదు. మా ఇంట్లో నడవలో యేసుప్రభువు పటం ఒకటి ఉంది. మా అవ్వ కాలం నాటిది. తెల్లటి మొహం, భుజాల దాకా ఒంపు తిరిగిన జుట్టు, ఎటో పైకి చూస్తున్న కళ్లు. మేం పుట్టినప్పటినించీ ప్రభువంటే ఆ మొహమే. పెద్దయ్యాక తెలిసింది, ఆ బొమ్మని 1940లో అమెరికాలో చికాగో నగరంలో వార్నర్ సాల్మన్ అనే వ్యాపార చిత్రకారుడు వేశాడని, దాన్ని 50 కోట్ల కాపీలకు పైగా అచ్చేశారని. నెల్లూరికి అమెరికా బాప్టిస్టు మిషను వచ్చింది 1840లో. వందేళ్ల తర్వాత వేసిన ఆ మొహం కూడా ఆ దారినే వచ్చి మన గోడలెక్కింది. పాలస్తీనాలో వడ్రంగం చేసుకున్న మనిషి అంత తెల్లగా ఎందుకుంటాడు అని మేం అడిగితే మా అమ్మ, "నీకెందుకు నాయనా, నాకట్టా అలవాటయినాడు" అంది. అంతకంటే నిజమైన మాట మేం ఏ పుస్తకంలోనూ చదవలేదు. మనకి నచ్చింది అనుకునేదాంట్లో సగం అలవాటు. నీలం కోటు బొమ్మ కూడా అంతే.

అట్టాగని నీలం కోటుని తక్కువ చేయడం లేదు. ఆ కోటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మోకాలి కిందికి పంచె కట్టనివ్వని, చెప్పులు చేతబట్టుకుని వూళ్లో నడిపించిన దేశంలో, పైనించి కింది దాకా గుడ్డ తొడుక్కుని బూట్లేసుకుని నాలుగు రోడ్ల కూడలిలో నిలబడటమే ఒక ప్రకటన. 1967లో పార్లమెంటు ఆవరణలో బి.వి. వాఘ్ అనే శిల్పి చేసిన కంచు విగ్రహం పెట్టారు. చెయ్యి చాచి ముందుకి చూపిస్తున్న అంబేద్కర్. ఆ చెయ్యి అక్కణ్నించి బయల్దేరి దేశంలో ఎన్ని వాడల్లోకి నడిచిందో లెక్కలేదు. సిమెంటు మేస్త్రీలు చేతికొచ్చినట్టు చేశారు. ఒకచోట ముక్కు పెద్దది, ఒకచోట మెడ లేదు, ఒకచోట మా మేనమామలాగా ఉంటాడు. చదువుకున్న పెద్దమనుషులు బస్సు కిటికీలోంచి చూసి ఇదేం విగ్రహం, పోలికే లేదు అని నవ్వుకుంటారు. పోలిక కోసమా మనం పెట్టుకుంది? ఆ విగ్రహాల కోసం తలలు పగిలాయి, కేసులు పడ్డాయి. మెడ లేని ఆ విగ్రహం ముందు ఏడ్చినవాళ్లున్నారు.

అదే సమయంలో ఇంకోటి కూడా చెప్పుకోవాలి. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో మరో 125 అడుగులది, పీఠంతో కలిపి 206 అడుగులు. మేం విజయవాడ పోయి చూశాం. ఒళ్లు పులకరించింది. పక్కనున్న మిత్రుడు, రిటైరయిన గుమాస్తా, "నాకు మా వాడలో నాలుగడుగుల సిమెంటుదే నచ్చుద్ది. దాని కాళ్ల దగ్గర మా పిలకాయలు గోలీలాడుకుంటారు" అన్నాడు. ఇద్దరం అంబేద్కర్‌వాదులమే. ఇద్దరికీ ఒక్క విగ్రహం నచ్చలేదు. దాంతో ఎవరి నిబద్ధత ఎంత తగ్గింది?

మేం కూడా బొమ్మల ముందు తెల్లమొహం వేసినవాళ్లమే. కొన్నేళ్ల కింద బడి పిల్లల్ని చెన్నై విహారయాత్రకి తీసుకుపోయాం. మధ్యాహ్న భోజనం వండే అక్క కూడా మాతో వచ్చింది. మెరీనా ఒడ్డున దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రమ విజయం విగ్రహం ఉంది, 1959లో పెట్టింది. నలుగురు మనుషులు పెద్ద బండని కదిలిస్తుంటారు. దాని దగ్గర ఏ పేచీ లేదు. మైపాడు ఒడ్డున ఇసకలో పడవని నీళ్లలోకి తోసేవాళ్ల పిక్కలూ భుజాలూ రోజూ చూసే పిల్లలు కదా, చూడగానే "ఐలేసా" అని అరిచారు. ఒక్క పిల్ల మటుకు "నలుగురూ మొగోళ్లేగా సార్" అంది. ఎనిమిదో తరగతి. మేం అన్నేళ్లుగా ఆ విగ్రహాన్ని చూస్తున్నాం, మాకు ఆ సంగతి తట్టలేదు.

తర్వాత చోళమండలం తీసుకుపోయాం. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ అనే చిత్రకారుడు, ఆయన శిష్యులు కలిసి సముద్రపు ఒడ్డున కట్టుకున్న కళాకారుల వూరు అది. బాతిక్ గుడ్డలవీ చేసి అమ్ముకుని, ఆ డబ్బుతో బతుకుతూ బొమ్మలు వేసుకున్నారు. అక్కడ ప్రదర్శనశాల ఉంది. అందులో పణిక్కర్ బొమ్మ ఒకటి, 1963 నించి ఆయన వేసిన 'మాటలూ గుర్తులూ' వరసలోది. బొమ్మ నిండా అక్షరాల్లాంటివి, జాతక చక్రంలాంటి గళ్లు, అంకెలు, మధ్యలో చిన్న చిన్న ఆకారాలు. మలయాళమేమో అనుకుని దగ్గరికి పోయాం. మలయాళం కాదు. ఏ భాషా కాదు. చదవడానికి వీల్లేకుండా కావాలనే రాసిన రాత.

మాకు ఒళ్లు మండింది. నిజంగా మండింది. అక్షరం కోసం మా నాయన ఎవరి కాళ్లు పట్టుకున్నాడో మాకు తెలుసు. లాంతరు కింద ఒక్కో అక్షరం దిద్దుకుని పైకొచ్చాం. అట్టాంటి అక్షరాన్ని తీసుకుని, అర్థం తీసేసి, గోడకి తగిలించి ఇది కళ అంటే, తరతరాలుగా చదువు ఉన్నవాడు ఆడుకునే ఆట అనిపించింది. బయటికొచ్చి అదే మాట పైకి అన్నాం. వంటక్క వింటూ ఉంది. ఆమె ఆ బొమ్మ ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడింది. "సారూ, నాకు రేషను కార్డు అట్టనే కనిపిస్తాది. బ్యాంకు పుస్తకం అట్టనే కనిపిస్తాది. బస్సు బోర్డు అట్టనే కనిపిస్తాది. అన్ని గళ్లు, అన్ని గీతలు, ఒక్కటీ చెప్పవు. ఆయనకెట్ట తెలిసిందా అని చూస్తా ఉన్నా" అంది.

ఆ రోజు బస్సులో నెల్లూరు దాకా మేం మాట్లాడలేదు. పణిక్కర్ ఆమె కోసం ఆ బొమ్మ వేశాడని మేం అనడం లేదు. ఆయన ఉద్దేశం ఆయనది. కానీ ఆమె అందులో తనని చూసుకుంది, మేం మమ్మల్ని చూసుకుని తిట్టుకున్నాం. ఇంతకీ ఆ బొమ్మ ఇప్పటికీ మాకు నచ్చలేదు. ఆమెకి నచ్చిందన్న సంగతిని మటుకు కాదనలేం.

మళ్లీ గోడ దగ్గరికి వద్దాం. పెదనాయన బాధ లాంటి బాధ ఇంతకుముందు కూడా వచ్చింది. సవి సావర్కర్ అని నాగపూర్‌లో 1961లో పుట్టిన దళిత చిత్రకారుడు ఉన్నాడు. పీష్వాల కాలంలో పూనాలో అంటరానివాడు మెడకి కుండ కట్టుకుని, నడుముకి చీపురు కట్టుకుని నడవాలని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశాడు. ఆ కుండనీ ఆ చీపురునీ ఆ మనిషినీ సావర్కర్ బొమ్మల్లోకి తెచ్చాడు. అందంగా వేయలేదు. గీతలు గీరుకుపోయినట్టుంటాయి, మొహాలు నలిగి ఉంటాయి. ఆ బొమ్మల అచ్చులు మేం మా మీటింగులో చూపించినప్పుడు ఒక చెల్లెలు లేచి "మనల్ని ఇంకా ఎన్నాళ్లు కుండతోనే చూపిస్తారు? నాకు ఇది చూడబుద్ధి కాదు" అంది. ఇంకొకాయన "ఇది చూపించకపోతే మరిచిపోతారమ్మా" అన్నాడు. ఆ వాదన ఆ రాత్రి తేలలేదు. తేలాలని కూడా మేం అనుకోవడం లేదు. శరణ్‌కుమార్ లింబాలే 1996లో మరాఠీలో దళిత సాహిత్య సౌందర్యశాస్త్రం రాశాడు. ఆనందం కొలబద్దగా దళిత సాహిత్యాన్ని తూచొద్దు, స్వేచ్ఛ కొలబద్దగా తూచండి అని ఆయన వాదన. మేం ఒప్పుకుంటాం. అయితే ఆ చెల్లెలు చూడనంటే, అది కూడా స్వేచ్ఛే గదా?

కార్యకర్త అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. చూడగానే అర్థం కావాలి అన్నాడు. మన నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. మా అమ్మ రాత్రిబడికి పోయింది, మేం చిన్నపిల్లకాయలం, వెంట పోయేవాళ్లం. వాచకం తెరవగానే ఆడవాళ్లు చూసింది అక్షరాల్ని కాదు, బొమ్మల్ని. బొమ్మలో ఆవిడెందుకు ఏడుస్తోంది, మొగుడు తాగొచ్చాడా, కాదు జబ్బు పడ్డాడేమో, కాదు కాదు నీళ్లకి పోయి అలిసిపోయింది అని గంటసేపు వాదించుకునేవాళ్లు. పంతులమ్మకి పాఠం సాగేది కాదు. మరుసటి ఏడు దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయారు, 1993 అక్టోబరు కల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. బొమ్మలే తెచ్చాయని మేం చెప్పడం లేదు. కానీ ఒక్క చూపుకే అర్థమైపోయే బొమ్మయితే ఆ గంటసేపు వాదన ఉండేది కాదు. నినాదం వేరు. నినాదం సూటిగా ఉండాల్సిందే. గోడకి రెండు పక్కలున్నాయి, రెండింటికీ చోటుంది.

డ్రాయింగు రూముల మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు లెండి. హుసేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర' 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో 118 కోట్ల రూపాయలకి పోయింది. పల్లె జీవితాన్ని 13 ముక్కలుగా వేసిన బొమ్మ. చాలా ఏళ్లు నార్వేలో ఒక ఆసుపత్రి దగ్గర ఉందట. 118 కోట్లంటే ఎన్ని వాడలకి మంచినీళ్లు వస్తాయో లెక్కేసి మా ఉపాధ్యాయ మిత్రులు బాగా నవ్వుకున్నారు, మేం కూడా నవ్వాం. కానీ ఆ ధర హుసేన్ గీతలో లేదు, కొనేవాడి జేబులో ఉంది. ధర చూసి గొప్ప బొమ్మ అనడం ఎంత తప్పో, ధర చూసి చెత్త బొమ్మ అనడం అంతే తప్పు. మా ఇంట్లో తోట వైకుంఠం బొమ్మల క్యాలెండరు ఉంది. నల్లటి తెలంగాణ ఆడవాళ్లు, పెద్ద బొట్లు, ముదురు రంగు చీరలు. మా ఆవిడకి ప్రాణం. నల్లపిల్లని ఇంత దర్జాగా ఎవరు చూపించారు అంటుంది. మాకు ఆ ఆడవాళ్లు ఎప్పుడూ పని చేస్తున్నట్టు కనిపించరు, అది గుచ్చుకుంటుంది. "పని చేసేది రోజూ చూస్తానే ఉన్నావుగా, కాసేపు కూచోనీ" అంటుంది ఆమె. క్యాలెండరు ఏడాది దాటినా గోడమీదే ఉంది.

ఇక కుర్రాడికి చెప్పాల్సింది ఉంది. నాయనా, నీ బొమ్మ మాకు నచ్చింది. ఆ దోసిలి మాకు నిద్రలో కూడా కనిపిస్తోంది. కానీ గోడ నీది కాదు, వాడది. చందా వేసినవాళ్లని పట్ట అవతల నిలబెట్టి మూడు రోజులు లోపల నువ్వొక్కడివే నిర్ణయం చేసుకున్నావు. ముందే బొగ్గుతో గీసి పెదనాయనకి చూపించి ఉంటే, ఆయన వంగిన నడుం గురించి అప్పుడే చెప్పేవాడు. నువ్వు మార్చేవాడివో మార్చేవాడివి కాదో, మాట మటుకు జరిగి ఉండేది. కాగితం మీద నీ ఇష్టం. అందరూ ఎండలో కూచునే గోడ మీద అందరి కళ్లూ ఉంటాయి. "మీకు తెలీదు" అన్న మాటని వాడ ముందు నిలబడి వెనక్కి తీసుకో. బొమ్మని తీసుకోనక్కర్లేదు.

సున్నం బస్తా తెచ్చినవాళ్లకి కూడా చెపుతున్నాం. వూళ్లోవాళ్లు నవ్వుతారని అంటున్నారు. వాళ్లు సిమెంటు విగ్రహాన్ని చూసి నవ్వలేదా? మన పాటకి నవ్వలేదా? వాళ్ల నవ్వుని బట్టి మన గోడ మీద ఏముండాలో మనం తేల్చుకుంటే, సున్నం మన చేత్తోనే కొట్టినా కొట్టించింది వాళ్లే అవుతుంది. పెదనాయన లాగా నాకు నచ్చలేదు, నా గుండెకి తగిలింది అనండి. వింటాం. ఆ మాటకి విలువుంది. మనుషుల విగ్రహాల మీద పేడ కొట్టినవాళ్లని, చెప్పుల దండ వేసినవాళ్లని చూసినవాళ్లం మనం. బొమ్మని చెరపడం ఎట్టుంటుందో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మేం అడుగుతున్నది చిన్నది. తూర్పు గోడ ఖాళీగా ఉంది. నీలం కోటు బొమ్మ అక్కడ వేయించండి, చందా మేం కూడా వేస్తాం. ఏప్రిల్ 12 సాయంత్రం పడమటి గోడ కింద పట్టలు పరుస్తాం. ఉపన్యాసాలుండవు, మైకు ఉండదు. పెదనాయన మొదట మాట్లాడతాడు. ఆడవాళ్లు వంట పొద్దుకి ముందే రావాలని సాయంత్రం నాలుగింటికే పెట్టాం. పక్క వాడల మిత్రులు, మత్స్యకారుల పాలెం అన్నలు, రంగుల సంగతి మాకంటే బాగా తెలిసినవాళ్లు, తప్పక రావాలి. అంతదాకా బస్తా విప్పొద్దని యువజన సంఘాన్ని అడిగాం, సరేనన్నారు.

నిన్న బడి నించి వస్తుంటే పెదనాయన ఆ గోడ కిందే నీడకి కూచుని ఉన్నాడు. బొమ్మకి వీపు పెట్టి. "చూడబుద్ధి కావట్లేదా పెదనాయనా?" అన్నాం. "సాయంత్రం ఎండకి ఆ నీళ్లు మెరుస్తా ఉంటాయిరా. అంతవరకు బాగుంది" అన్నాడు. ఆగి, "వీపు ఇంకొంచెం లేపమని చెప్పు వాడికి" అన్నాడు.